గడప నుంచి గడప దాకా: అనంతపురంలో వీల్‌చెయిర్‌తో ఊళ్లో తిరగాలంటే

తమ్ముడూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. రెండేళ్ల కిందట రోడ్డు ప్రమాదంలో మీ అక్కకు వెన్నెముక దెబ్బతింది. అప్పటినుంచి వీల్‌చెయిర్‌లోనే ఉంటున్నారు. ఇల్లు కళ్యాణదుర్గం రోడ్డు వైపు. ఫిజియోథెరపీకి తప్ప గడప దాటడం లేదు. మధ్యలో ఆగిపోయిన డీఎస్సీ కోచింగ్‌కు సాయినగర్ వైపు మళ్లీ వెళ్లాలని ఆమెకు గట్టిగా ఉంది. వచ్చే నెల వార్డు సమావేశంలో ఈ విషయం మాట్లాడే అవకాశం మీకు వచ్చింది. ర్యాంపు ఉన్న ఎలక్ట్రిక్ బస్సులు కావాలని అడిగితే సరిపోతుందా, ఇంకేమైనా అడగాలా అన్నది మీ ప్రశ్న.

బస్సులు అడగండి, తప్పు లేదు. కానీ బస్సుతో మొదలుపెట్టకండి. మీ అక్క వెళ్లాలనుకుంటున్న ఒక్క దారిని పట్టుకోండి, మీ ఇంటి గడప నుంచి ఆ కోచింగ్ సెంటర్ గడప దాకా. ఆ దారిలో ఉన్న ప్రతి అడ్డూ తీయించమని అడగండి. నూరు బస్సులకు ర్యాంపులు పెట్టి, బస్టాపు దాకా వచ్చే దారిని వదిలేస్తే ఆ ర్యాంపులు ఎక్కేవాళ్లు ఉండరు. అప్పుడు ఆఫీసులో ఏమంటారో తెలుసా? "ర్యాంపులు పెట్టాం, ఒక్కరూ వాడటం లేదు, ఖర్చు దండగ" అంటారు. ఈ మాట నేను ఒకటికి నాలుగుసార్లు విన్నాను. ఒక్క దారి మొదటి నుంచి చివరిదాకా బాగుపడితే మాత్రం మరుసటి రోజే ఆ దారిలో ఒక మనిషి కనిపిస్తారు. ఆ మనిషిని చూసి ఇంకొకరు వస్తారు.

నాకు చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎడమకాలికి కాలిపర్ వేసుకొని, చేతికర్రతో నడుస్తాను. రాయలసీమ మున్సిపాలిటీల్లో ఇరవై ఆరేళ్లు ఇంజినీరుగా రోడ్లు, కాల్వలు, కల్వర్టులు కట్టించి రిటైరయ్యాను. కాబట్టి రెండు వైపుల నుంచీ చెబుతాను.

మీరు అడిగింది బస్సు గురించి కనుక ముందు దాని లెక్క చూద్దాం. లారీ చాసిస్ మీద కట్టిన మామూలు బస్సులో నేల, రోడ్డు నుంచి మీటరు పైనే ఉంటుంది. సెమీ లోఫ్లోర్ బస్సుకు 65 సెంటీమీటర్లు, లోఫ్లోర్ బస్సుకు 40 సెంటీమీటర్లు. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి ఎవరి సాయం లేకుండా ఎక్కాలంటే వాలు 12కు 1 మించకూడదు. అంటే అడుగు ఎత్తు ఎక్కడానికి పన్నెండు అడుగుల పొడవు కావాలి. మీటరు ఎత్తుకు 12 మీటర్ల ర్యాంపు, దాదాపు బస్సంత పొడవు. అందుకే పాత బస్సులకు ర్యాంపు కుదరదు, లిఫ్టు అమర్చాల్సిందే.

లోఫ్లోర్ బస్సు తలుపు దగ్గర మడత ర్యాంపు ఒకటి ఉంటుంది. అది మీటరుకు కాస్త అటూ ఇటూ పొడవుంటుంది. బస్సు తలుపు వైపుకు ఒరిగే ఏర్పాటు కూడా ఉంటే నేల ఇంకో ఆరేడు సెంటీమీటర్లు దిగుతుంది. ఇప్పుడు చూడండి. ఆ బస్సు 15 సెంటీమీటర్ల ఎత్తున్న ఫుట్‌పాత్‌ను ఆనుకొని ఆగితే ఎక్కాల్సిన ఎత్తు 18 సెంటీమీటర్లు. మీటరు ర్యాంపు మీద అది ఐదారుకు ఒకటి వాలు. వెనక నుంచి ఒకరు చెయ్యి వేస్తే ఎక్కొచ్చు. అదే బస్సు నడిరోడ్డు మీద ఆగిందనుకోండి, ఎత్తు 33 సెంటీమీటర్లు, వాలు మూడుకు ఒకటి. ఇద్దరు మగవాళ్లు తోసినా కష్టమే, దిగేటప్పుడైతే ముందుకు బోర్లా పడే ప్రమాదం ఉంది. బస్సు అదే, ర్యాంపు అదే. తేడా అంతా బస్టాపులో ఉంది.

మన ఊళ్లో బస్సు ఫుట్‌పాత్‌ను ఆనుకొని ఎందుకు ఆగదో మీకు తెలుసు. ఆగే చోట ఆటోలు, తోపుడు బండ్లు, బైకులు ఉంటాయి. డ్రైవరు తప్పేం లేదు, ఆయనకు చోటు లేదు. కాబట్టి ర్యాంపు బస్సు అడిగిన చోటే రెండో మాటగా ఇది కూడా అడగాలి: ఆ దారిలో ఉన్న స్టాపుల్లో 15 సెంటీమీటర్ల ఎత్తు అరుగు, దాని ముందు బస్సు పొడవునా ఖాళీ చోటు, ఆటోలకు పక్కనే వేరే చోటు. ఆటోవాళ్లను తరిమేయమని మాత్రం అడగకండి. ఎందుకో తర్వాత చెబుతాను.

2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన పీఎం ఈ-బస్ సేవ పథకంలో మన రాష్ట్రం నుంచి ఎంపికైన నగరాల్లో అనంతపురం, కర్నూలు, కడప మూడూ ఉన్నాయి. ఈ పథకంలో బస్సు నడిపే సంస్థకు కిలోమీటరుకు ఇంత అని చెల్లిస్తారు. ఇక్కడే మనకు ఒక పట్టు దొరుకుతుంది. ర్యాంపు పనిచేయని బస్సును, ఏసీ పనిచేయని బస్సులా కాదు, బ్రేకు పనిచేయని బస్సులా చూడాలి. ఆ రోజు ఆ బస్సు తిరిగిన కిలోమీటర్లకు కోత పడాలి. ఈ ఒక్క షరతు ఉంటే ప్రతి ఉదయం డిపోలో ఎవరో ఒకరు ఆ ర్యాంపును తెరిచి మూసి చూస్తారు. లేకపోతే ఆరు నెలల్లో అది దుమ్ము పట్టి బిగుసుకుపోతుంది. అనంతపురం దుమ్ము సంగతి మీకు చెప్పాలా! కొత్త బస్సుల్లో ఈ సౌకర్యాలు ఎవరో దయతలచి ఇచ్చేవి కావని కూడా గుర్తుంచుకోండి. కేంద్రం 2019 చివర్లో మోటారు వాహనాల నిబంధనలను సవరించింది. దివ్యాంగులకు ప్రత్యేక సీట్లు, చంక కర్రలు పెట్టుకునే చోటు, పట్టుకోవడానికి కడ్డీలు, వీల్‌చెయిర్ ఎక్కించి కదలకుండా బిగించే ఏర్పాటు బస్సుల్లో ఉండాలన్న నిబంధన 2020 మార్చి 1 నుంచి ఉంది.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మీ అక్కకు కూడా ఆ హక్కు ఉంది. ఛార్జీ లేదు, మెట్టు ఉంది. పక్కింటి అమ్మాయి పైసా ఖర్చు లేకుండా కాలేజీకి వెళ్లొస్తుంటే, మీ అక్క ఫిజియోథెరపీకి ఆటోలో పోనూ రానూ 400 అవుతోందని మీరు రాశారు. వారానికి మూడుసార్లంటే నెలకు 4,800. ఆమెకు వచ్చే పింఛను 6,000. మిగిలిన 1,200లో మందులు, కెథటర్లు, డైపర్లు. వార్డు సమావేశంలో మీరు ముందుగా చెప్పాల్సింది ఈ లెక్కే. నిబంధనల నంబర్లు తర్వాత. (ఇంకో మాట. పక్షవాతంతో వీల్‌చెయిర్‌కో మంచానికో పరిమితమైన వాళ్లకు 15,000 పింఛను వర్గం ఒకటి ఉంది. మీ అక్క అందులోకి వస్తారేమో వార్డు సచివాలయంలో సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్ చూపించి అడగండి.)

ఇప్పుడు ఆటోల సంగతి. మన ఊళ్లో అసలు సిటీ బస్సు ఆటోనే. క్లాక్ టవర్ నుంచి ఏ మూలకు వెళ్లాలన్నా షేర్ ఆటో ఎక్కుతాం. రేపు ఎలక్ట్రిక్ బస్సులు ఎన్ని వచ్చినా సందుల్లోకి వచ్చేది ఆటోనే. కాబట్టి ఆటోను వదిలేసి చేసిన ఏ ప్రణాళికా అనంతపురానికి అక్కరకు రాదు. మంచి సంగతేమిటంటే, ఇక్కడ తక్కువ ఖర్చుతో చాలా చేయొచ్చు.

ఆటో ఎక్కడంలో అసలు ఇబ్బంది ఎత్తు తేడా. ఆటో సీటు వీల్‌చెయిర్ సీటు కన్నా ఎత్తులో ఉంటుంది. రెండూ ఒకే ఎత్తులో ఉంటే, మధ్యలో నున్నటి చెక్క పలక ఒకటి వేసుకొని, చేతులమీద బరువు ఆనించి మీ అక్క తానే జరిగి కూర్చోగలరు. ఫిజియోథెరపిస్టును అడిగితే ఇది నేర్పిస్తారు. పలక వడ్రంగి చేస్తాడు. రెండున్నర అడుగుల పొడవు, జానెడు కన్నా కాస్త ఎక్కువ వెడల్పు, అంచులు గుండ్రంగా, పైన పాలిష్, పగుళ్లు ఉండకూడదు. మరి ఎత్తు సమం చేసేదెలా? మీ ఇంటి ముందు అరుగు ఉందన్నారు కదా. అరుగు మీదున్న వీల్‌చెయిర్ సీటు ఆటో సీటుకు సమంగా వచ్చేలా ఆ అరుగు ఎత్తును సరిచేసి, ఇంటి వైపు నుంచి దాని మీదికి నిదానమైన వాలు కట్టించండి. 20 సెంటీమీటర్ల ఎత్తుకు 2.4 మీటర్ల వాలు చాలు. ఆటో వచ్చి ఆ అరుగును ఆనుకొని ఆగుతుంది, అక్క జరిగి కూర్చుంటారు. మన పెద్దలు ఇంటి ముందు అరుగులు కట్టింది కూర్చుని మాట్లాడుకోవడానికి. అవే ఈ పనికీ వస్తాయి. ఇలాంటి అరుగే ఆసుపత్రి గేటు దగ్గరా, పెద్ద ఆటో స్టాండుల్లోనూ ఒక్కొక్కటి కట్టమని కార్పొరేషన్‌ను అడగండి. ఇటుక, సిమెంటు, ఒక రోజు మేస్త్రీ పని.

ఈ అరుగు గురించి ఇంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మీరు మగవాళ్లు, మీ ప్రశ్నలో ఆ మాట రాలేదు, బహుశా అక్క మీతో చెప్పి ఉండకపోవచ్చు. వెన్నెముక దెబ్బతిన్న ఆడవాళ్లు చాలామంది బయటికి రావడం మానేసేది మెట్టును చూసి కాదు, ఆ మెట్టు ఎక్కించడానికి పట్టుకునే చేతులను చూసి. ముక్కూ మొహం తెలియని మగవాడు చంకల కింద చేతులు వేసి ఎత్తుతాడు. చీరో చున్నీయో జారుతుంది. చుట్టూ పదిమంది చూస్తుంటారు. అతను మంచివాడే, సాయం చేస్తున్నాననే అనుకుంటాడు. కానీ ఇంటికి వచ్చాక ఆమె "ఇంక నేను ఎక్కడికీ రాను" అంటుంది. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటారు, డిప్రెషన్ అనుకుంటారు.

దానికి తోడు బాత్రూం టెన్షన్. వీల్‌చెయిర్ పట్టే తలుపున్న టాయిలెట్ దారిలో ఎక్కడా ఉండదని తెలిసి, బయలుదేరే రోజు పొద్దున్నుంచీ నీళ్లు తాగడం మానేస్తారు. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఎంత ప్రమాదమో డాక్టర్లు మీకు చెప్పే ఉంటారు. నలభై డిగ్రీల ఎండలో నీళ్లు తాగకుండా తిరిగితే ఏమవుతుందో ఊహించండి. అందుకే టాయిలెట్ కూడా రవాణాలో భాగమేనని నేను వాదిస్తాను. తలుపు వెడల్పు కనీసం 90 సెంటీమీటర్లు, లోపల వీల్‌చెయిర్ గుండ్రంగా తిరగడానికి మీటరున్నర చోటు, పట్టుకోవడానికి కడ్డీలు, తలుపు బయటికి తెరుచుకోవాలి. మీ దారిలో ఒక్కటి ఉన్నా చాలు.

ఎండ గురించి కూడా ఒక మాట. కాళ్లలో స్పర్శ లేనివాళ్లకు వేడి రేకు తగిలినా తెలియదు, బొబ్బ లేచాకే తెలుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో పెట్టిన వీల్‌చెయిర్ ఫుట్‌రెస్టులు, ఆటో ఇనుప కడ్డీలు, స్టాపుల్లోని స్టీలు బెంచీలు కాల్చేస్తాయి. స్టాపు దగ్గర నీడ అడగండి. చెట్టయినా సరే, రేకుల షెడ్డయినా సరే.

ఆటోవాళ్లతో మాట్లాడేటప్పుడు సంఘం నాయకులను పిలిచి ఒక గంట నేర్పిస్తే చాలు. ముందు అడగాలి, ఆమె ఎలా పట్టుకోమంటే అలా పట్టుకోవాలి. చేతులు పట్టి లాగకూడదు, భుజం జారిపోతుంది. వీల్‌చెయిర్ బ్రేకు వేశాకే ఎత్తాలి. కుర్చీ మడిచి పెట్టినందుకు అదనంగా డబ్బులు అడగకూడదు. మా తరం నుంచీ చూస్తున్నాను, మర్యాదగా చెబితే ఆటో అన్నలు చాలామంది వింటారు. వాళ్ల ఇళ్లలోనూ ముసలివాళ్లు ఉన్నారు.

దారిలో అన్నిటికన్నా పెద్ద అడ్డు మాత్రం బస్సూ కాదు, ఆటో కూడా కాదు. మురుగు కాల్వ. మన ఊళ్లలో ఫుట్‌పాత్ అంటే చాలాచోట్ల కాల్వ మీద పరిచిన బండలే. బండకీ బండకీ మధ్య సందు వేలు మందం దాటితే వీల్‌చెయిర్ ముందు చక్రం అందులో దిగబడుతుంది, కుర్చీ ఆగిపోతుంది, మనిషి ముందుకు విసిరినట్టు పడతారు. చేతికర్ర మొన కూడా అలాగే దిగుతుంది, నాకు రెండుసార్లు జరిగింది. పూడిక తీయడానికి బండలు లేపుతారు, తిరిగి సమంగా పెట్టరు. ఇది నిధుల సమస్య కాదు, పని చేయించేవాళ్ల అలవాటు సమస్య. పూడిక తీసిన సాయంత్రానికల్లా బండలు సమంగా కూర్చోబెట్టాలని శానిటరీ ఇన్‌స్పెక్టర్‌ను అడగండి. ఫోటో తీసి చూపించండి.

అడ్డం లేని నడక దారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతుంది. మన పాత వీధుల్లో అంత ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. దొరకని చోట రోడ్డునే అందరికీ సమానంగా, వాహనాలు నెమ్మదిగా వెళ్లేలా చేయడం మేలు. ఇరుకు ఫుట్‌పాత్ కట్టి, దాని మధ్యలో కరెంటు స్తంభం పెట్టడం కన్నా అది వందరెట్లు నయం. బైకులు ఎక్కకుండా ఫుట్‌పాత్ చివర ఇనుప గొట్టాలు పాతుతారు. వాటి మధ్య 1.2 మీటర్ల ఎడం వదలాలి. తక్కువైతే బైకు ఎలాగోలా దూరుతుంది, వీల్‌చెయిర్ మాత్రం దూరదు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ఊళ్లో ప్రభుత్వ ఆఫీసుకు ర్యాంపు కట్టించమన్నారు. ముందు మూడు మెట్లు, 45 సెంటీమీటర్ల ఎత్తు. లెక్క ప్రకారం 5.4 మీటర్ల ర్యాంపు కావాలి. చోటు రెండున్నర మీటర్లే ఉంది. ఇన్‌స్పెక్షన్ దగ్గరపడింది. రెండున్నర మీటర్లలోనే కట్టించేశాను. అందంగా ఉంటుందని పైన పాలిష్ చేసిన బేతంచెర్ల బండ పరిపించాను. మొదటి వానకే చంక కర్రలతో వచ్చిన ఒకాయన దాని మీద జారిపడ్డాడు. అదృష్టం బాగుండి ఎముక విరగలేదు. లేపి కూర్చోబెడితే నాతో అన్నాడు: "సార్, మెట్లున్నప్పుడు కూర్చొని, ఒక్కో మెట్టూ జరుగుతూ ఎక్కేవాణ్ణి. ఇప్పుడు అది కూడా లేకుండా చేశారు."

నాకూ పోలియోనే. అయినా నాకు తట్టలేదు. ఎందుకంటే నేను మెట్లు ఎక్కగలను, ర్యాంపు నాకు అవసరం లేదు. ఒక వైకల్యం ఉన్నంత మాత్రాన ఇంకొకరి అవసరం తెలిసిపోదని ఆ రోజు అర్థమైంది. అప్పటినుంచి ర్యాంపు గీసే ముందు దాన్ని వాడే మనిషిని పిలిచి చూపించనిదే ఎస్టిమేట్ మీద సంతకం పెట్టలేదు. మీరు కూడా తాడిపత్రి బండ, బేతంచెర్ల బండ, కడప బండ ఏదైనా సరే, ర్యాంపు మీద నున్నగా పాలిష్ చేసినది వేస్తుంటే ఒప్పుకోకండి. గరుకు కాంక్రీటు వేయించండి.

ఇంజినీరుగా మీకు చెప్పగలిగిన అతి ముఖ్యమైన సంగతి ఇదే: ఎస్టిమేట్‌లో లేనిది బిల్లులో రాదు. పని అయిపోయి, ఎం-బుక్‌లో, అంటే చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో, కొలతలు ఎక్కాక మీరు ఎంత అరిచినా "మళ్లీ శాంక్షన్ కావాలి" అంటారు. అది నిజమే కూడా. కాబట్టి రోడ్డు వేశాక కాదు, వేయబోయే ముందు వెళ్లండి. మీ వార్డులో ఈ ఏడాది ఏ పనులు పెట్టారో వార్డు సచివాలయంలో ఉండే ఎమినిటీస్ (వసతుల పనులు చూసే) కార్యదర్శిని అడగండి. ఆ ఎస్టిమేట్‌లో ఫుట్‌పాత్ చివర వాలు, కాల్వ బండల సమం, స్టాపు అరుగు చేర్పించండి. అప్పుడు పెరిగే ఖర్చు చాలా తక్కువ. ఈమధ్యే అయిపోయిన పనైతే కాంట్రాక్టరుకు లోపాలు సరిచేయాల్సిన గడువు ఇంకా ఉందేమో కనుక్కోండి. ఆ గడువులో ఆయన సొంత ఖర్చుతో బాగుచేయాలి.

మీ అక్క కోసం అడుగుతున్న దారిలో చూపు లేనివాళ్లు, వినపడనివాళ్లు కూడా నడుస్తారు. వాళ్లను కలుపుకోండి, మీ బలం పెరుగుతుంది. ఫుట్‌పాత్‌ల మీద పసుపు రంగు గరుకు టైల్స్ చూసే ఉంటారు. జపాన్‌లో సెయిచి మియాకే అనే ఆయన 1965లో వాటిని కనిపెట్టాడు, 1967లో ఒకయామా నగరంలో మొదటిసారి పరిచారు. గీతలున్న టైల్ అంటే ముందుకు నడవమని, చుక్కలున్న టైల్ అంటే ఆగమని, ముందు మలుపో మెట్టో రోడ్డో ఉందని అర్థం. అది భాష. మనవాళ్లు దాన్ని అలంకారం అనుకొని డిజైన్‌లా పరుస్తారు. గీతల వరుస తిన్నగా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి తీసుకెళ్లిన చోటు కూడా నేను చూశాను. తప్పుగా పరిచిన దానికన్నా పరచకపోవడమే మంచిది.

చూపు లేని మిత్రుడొకరు నాతో ఎప్పుడూ చెప్పే మాట: పాత రోజుల్లో కండక్టరు గొంతే ఆయనకు దారి చూపేది. "సప్తగిరి సర్కిల్ దిగేవాళ్లు ముందుకు రండి" అని అరిస్తే ఎక్కడున్నామో తెలిసేది. డ్రైవరే టికెట్లు ఇచ్చే సర్వీసులు వచ్చాక ఆ గొంతు పోయింది. ఎలక్ట్రిక్ బస్సులు శబ్దం లేకుండా వస్తాయి కాబట్టి బస్సు వచ్చిందనే సంగతి కూడా తెలియదు. కాబట్టి తర్వాతి స్టాపు పేరు తెలుగులో లోపల వినపడాలి, బస్సు ఎక్కడికి వెళ్తుందో తలుపు తెరుచుకున్నప్పుడు బయటికి వినపడాలి. వినపడనివాళ్లకు అదే సంగతి లోపల తెర మీద కనపడాలి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకూ, చదువురాని పెద్దవాళ్లకూ రూటుకొక రంగు ఉంటే గుర్తుపట్టడం తేలిక. వీటికి పెద్ద ఖర్చేమీ లేదు.

చట్టం గురించి తెలిసి ఉండాలి, కానీ మొదటి మాటగా వాడకండి. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. అందులో 41వ సెక్షన్ రవాణా గురించే. బస్టాపులు, రైల్వే స్టేషన్లలో పార్కింగ్, టాయిలెట్లు, టికెట్ కౌంటర్లు అందరికీ అందుబాటులో ఉండాలంటుంది. బస్సులు, రోడ్ల గురించీ చెబుతుంది. చట్టాన్ని ఉల్లంఘిస్తే 89వ సెక్షన్ కింద మొదటిసారి 10,000 దాకా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా జరిమానా. 72వ సెక్షన్ ప్రకారం జిల్లా స్థాయి కమిటీ ఉండాలి. రాష్ట్ర కమిషనర్‌కు ఫిర్యాదు చేయొచ్చు, విచారణలో ఆయనకు సివిల్ కోర్టుకుండే అధికారాలు ఉంటాయి.

సుప్రీంకోర్టు తీర్పు ఒకటి కూడా మీ దగ్గర ఉంచుకోండి. చూపు లేని రాజీవ్ రతూరి 2005లో వేసిన పిటిషన్ మీద కోర్టు 2017లో ఆదేశాలిచ్చింది. అవి ఎంతవరకు అమలయ్యాయో చూడమని హైదరాబాద్‌లోని నల్సార్ యూనివర్సిటీ వాళ్లకు అప్పగించింది. ఆ నివేదిక చూశాక, 2024 నవంబరు 8న, అందుబాటు ప్రమాణాలను సలహాల్లా వదిలేసిన నిబంధన చట్టానికే విరుద్ధమని తేల్చింది. తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు విడిగా రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. "వీలైతే చేస్తాం" అని ఎవరైనా అన్నప్పుడు ఈ తీర్పు తీయండి. పోరాడితే ఫలితం ఉంటుంది. చెన్నైలో దివ్యాంగుల హక్కుల కార్యకర్తలు ఏళ్ల తరబడి హైకోర్టు చుట్టూ తిరిగారు. 2024 ఆగస్టులో అక్కడ లోఫ్లోర్ బస్సులు రోడ్డెక్కాయి.

ఒంటరిగా మాత్రం వెళ్లకండి. మన జిల్లాకు ఒక అదృష్టం ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) వల్ల పల్లెల్లో వికలాంగుల సంఘాలు ఏర్పడ్డాయి. దివ్యాంగులు అన్నా, విభిన్న ప్రతిభావంతులు అన్నా, ఆ సంఘాలవాళ్లు తమను వికలాంగులమనే చెప్పుకుంటారు, నాకూ ఆ మాటతో ఇబ్బంది లేదు. నలుగురిలో కూర్చొని మాట్లాడటం, అర్జీ రాయడం, అధికారి ముందు తడబడకుండా నిలబడటం ఆ సంఘాల్లో నేర్చుకున్నవాళ్లు మన ఊళ్లో చాలామంది ఉన్నారు. వాళ్లను కలవండి. సదరం క్యాంపు రోజున ఆసుపత్రి దగ్గరికి వెళ్తే, పల్లెల నుంచి రెండు మూడు బండ్లు మారి వచ్చినవాళ్లు ఎంతమందో కనిపిస్తారు. తమకు వైకల్యం ఉందని నిరూపించుకోవడానికి చేసే ఆ ప్రయాణమే వాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది. వాళ్లు చెప్పేది రాసుకోండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. సమావేశానికి ముందే మీ దారిని కొలవాలి. అక్క వీల్‌చెయిర్‌లో, చూపు లేని ఒకరు తెల్ల కర్రతో, మోకాళ్ల నొప్పులున్న ఒక పెద్దావిడ, ఫోటోలు తీయడానికి మీరు. కావాల్సింది కొలత టేపు, మీటరు పొడవున్న తిన్నటి బద్ద, మేస్త్రీల దగ్గరుండే రసమట్టం. వాలు కొలవడం తేలికే. బద్ద పై కొన వాలు మీద ఆనించి, కింది కొనను రసమట్టం సమం చూపేదాకా లేపండి. బద్ద కింది కొనకూ నేలకూ మధ్య ఎడం ఎనిమిది సెంటీమీటర్లు మించితే ఆ వాలు నిటారుగా ఉన్నట్టు లెక్క. ఎక్కడ ఆగిపోయారో, ఎవరి సాయం కావాల్సి వచ్చిందో, ఎంతసేపు పట్టిందో ప్రతిచోటా రాసుకోండి. చివరికి రెండు పేజీలు మించకూడదు. ఒక్కో అడ్డు పక్కన అది ఎవరి పనో రాయండి. కాల్వ బండలు కార్పొరేషన్‌వి, స్తంభం విద్యుత్ శాఖది, స్టాపులో ఆగడం ఆర్టీసీది, ఆటోల చోటు ట్రాఫిక్ పోలీసులది. ఎవరి పనో రాయని అర్జీ బల్లల మధ్య తిరుగుతూనే ఉంటుంది. ఒక కాపీ వార్డు సమావేశంలో ఇవ్వండి, ఇంకోటి సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి.

కొలిచే పనికి నేనూ వస్తాను. టేపు, రసమట్టం నా దగ్గర ఉన్నాయి. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు రోడ్లు ఖాళీగా ఉంటాయి, అడ్డులేవీ కనపడవు. పనిదినం ఉదయం తొమ్మిదిన్నరకు పెట్టుకోండి. ఆ సమయానికి షాపులు తెరుస్తారు, బైకులు ఫుట్‌పాత్ ఎక్కుతాయి, స్కూలు ఆటోలు తిరుగుతుంటాయి. కోచింగ్ క్లాసు పదింటికి అన్నారు కదా, మీ అక్క రోజూ దాటాల్సింది ఆ సమయంలోనే.